ముందు వయసు అడుగు బిడ్డా

ఇంటర్‌లో చేరుతున్నావు, చదువుకోడానికి ట్యాబ్ కావాలన్నావు. కొత్తదాని ధర మన అంచనా దాటిపోతుందని రీఫర్బిష్డ్‌ది చూస్తున్నావని మీ అమ్మ చెప్పింది. మంచి ఆలోచనే. మీ నాన్న నాటుకూలీలకు, ఎరువులకు పోగా మిగిల్చిన పైసలు అవి. గరిడేపల్లి నుంచి కోదాడ పోయినా, మిర్యాలగూడ పోయినా, సూర్యాపేట పోయినా ఇలాంటివి అమ్మే దుకాణాలు తగులుతాయి. ఆన్‌లైన్‌లో అయితే ఇంటికే పంపిస్తారు. ఎక్కడ కొన్నా మేనమామ మాట ఒకటి గుర్తుపెట్టుకో. ధర అడిగే ముందు దాని వయసు అడుగు.

మన పెద్దలు సంతలో ఎద్దును కొనేటప్పుడు కొమ్ముల రంగు చూసి మురిసేవాళ్లు కాదు, నోరు తెరిచి పళ్లు చూసేవాళ్లు. ట్యాబ్‌కూ అదే పద్ధతి. "ఏ గ్రేడ్ పీసమ్మా, గీత కూడా లేదు" అంటాడు దుకాణదారు. ఆ గ్రేడు చాలామటుకు పైమెరుపుకు ఇచ్చేదే. లోపల ఇంకెన్నేళ్లు మిగిలున్నాయో అది చెప్పదు.

ఆ ఏళ్ల లెక్క నువ్వు కొన్న రోజు నుంచి మొదలుకాదు, ఆ మోడల్ బజారుకు వచ్చిన నాటి నుంచే కరిగిపోతుంటుంది. 2019లో వచ్చిన ఏడో తరం ఐప్యాడ్, 2020లో వచ్చిన ఎనిమిదో తరం ఐప్యాడ్ పక్కపక్కన పెడితే తేడా కనిపెట్టడం కష్టం. కానీ 2025లో ఐప్యాడ్ ఓఎస్ 26 వచ్చినప్పుడు ఎనిమిదో తరానికి అందింది, ఏడో తరానికి అందలేదు. శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్9 ఎఫ్ఈ 2023లో వచ్చింది. దానికి అయిదేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని కంపెనీ చెప్పింది. అంటే 2028 దాకా. నువ్వు ఏ సంవత్సరం కొన్నా ఆ గడువు జరగదు. 2020 సెప్టెంబర్ 1న టీశాట్, దూరదర్శన్‌లలో డిజిటల్ పాఠాలు మొదలైనప్పుడు అమ్ముడుపోయిన మోడల్ ఇప్పుడు నీ ముందుకొస్తే, ఎంత తళతళలాడినా దాని వయసు లెక్కగట్టు.

అప్‌డేట్లు ఆగిన మర్నాడే ట్యాబ్ మూలన పడదు. కానీ కొన్నాళ్లకు క్లాసుల యాప్ ఒకటి, బ్యాంకు యాప్ ఒకటి "మీ వెర్షన్ పాతది" అంటూ మొరాయించడం మొదలుపెడతాయి. నీకు ఇంటర్ రెండేళ్లు, ఆ పైన డిగ్రీయో ఇంజనీరింగో ఉంది. కనీసం మూడేళ్ల అప్‌డేట్లు మిగిలున్నది తీసుకో. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ కనిపిస్తుంది. ఆ తేదీ ఏడాది కిందటిదై, కొత్త అప్‌డేట్ కోసం వెతికినా ఏమీ రాకపోతే దాన్ని పక్కన పెట్టు. ర్యామ్ 4 జీబీకి, స్టోరేజీ 64 జీబీకి తగ్గొద్దు, 128 దొరికితే మరీ మంచిది. "మెమరీ కార్డు వేసుకోవచ్చులే" అంటారు. కార్డులోకి పీడీఎఫ్‌లు, వీడియోలు పోతాయి గానీ సిస్టమ్ లోపలి జాగానే తింటుంది. ఐప్యాడ్‌కైతే కార్డు పెట్టే చోటే లేదు.

ఇక దుకాణంలో సిగ్గుపడకు, తొందరపడకు. ట్యాబ్‌ను కౌంటర్ అద్దం మీద వెల్లకిలా పెట్టి మూలలు నొక్కు. ఊగిందంటే వంగిందో, బ్యాటరీ ఉబ్బిందో అనుకో. అంచున స్క్రీన్ లేచిందేమో చూడు. తర్వాత ఒక యాప్ బొమ్మను వేలితో నొక్కిపట్టి, వేలు ఎత్తకుండా స్క్రీనంతా మెల్లగా తిప్పు. ఎక్కడైనా జారిపోతుంటే అక్కడ టచ్ చచ్చినట్టే. తెల్లటి పేజీ తెరిచి మచ్చలు చూడు. నాకు వీడియో కాల్ చెయ్యి, కెమెరా, మైకు, స్పీకరు ఒకేసారి తేలిపోతాయి. పావుగంట వీడియో ఆడించి ఛార్జింగ్ ఎంత దిగిందో చూడు. పాత ఐప్యాడ్‌లలో ఐఫోన్‌లో ఉన్నట్టు బ్యాటరీ హెల్త్ పేజీ ఉండదు కాబట్టి ఈ పరీక్ష తప్పనిసరి.

పైసలు ఇచ్చేముందు దాన్ని రీసెట్ చేయించి, నీ ఖాతాతో మొదటి నుంచి తెరువు. వేరేవాళ్ల జీమెయిల్ గానీ యాపిల్ ఐడీ గానీ అడిగినా, ఇది ఫలానా సంస్థదని రాసొచ్చినా వెంటనే తిరిగిచ్చెయ్. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలతో ట్యాబులు పంచింది. కోదాడ దాటితే అటు ఆంధ్రే కదా. అలా బడి పిల్లలకిచ్చిన ట్యాబ్ ఎవరైనా చవగ్గా చూపిస్తే ముట్టకు. పిల్లల చదువుకిచ్చిన సొత్తు మనకొద్దు.

సిమ్ పడే ట్యాబ్ అయితే సెట్టింగ్స్‌లో చూసి ఐఎంఈఐ నంబరు తీసుకో. ఇంగ్లిషులో కేవైఎం అని రాసి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలూ వేసి 14422కు మెసేజ్ పంపు. ఆ నంబరు బ్లాక్ లిస్టులో ఉందో లేదో తెలుస్తుంది. వైఫై ట్యాబ్‌కు ఐఎంఈఐ ఉండదు, కనుక సెట్టింగ్స్‌లోని సీరియల్ నంబరు బిల్లు మీది నంబరుతో కలవాలి. బిల్లు జీఎస్టీతో ఉండాలి, వారంటీ ఎన్ని నెలలో దాని మీదే రాయించుకో. నోటిమాట వారంటీ గడప దాటితే పనికిరాదు.

కొన్నాక ఒక్క జాగ్రత్త. మన ఎండాకాలం సంగతి నీకు తెలుసు. రేకుల కింద, కిటికీ ఎండలో ట్యాబ్‌ను ఛార్జింగ్‌కు పెట్టి వదిలేయకు. బ్యాటరీని ముందుగా ముసలిదాన్ని చేసేది వేడే.

ఇవన్నీ చూసి ఒక్కటీ కుదరకపోతే ఉత్త చేతులతో బస్సెక్కు. "ఇంతసేపు చూసి కొనవా" అని ఆయన మొహం మాడ్చుకున్నా మొహమాటపడకు. దుకాణం రేపూ తెరుస్తారు. ఈలోగా చదువు ఆగకుండా నా ఫోను నీ దగ్గరే పెట్టుకో.