పాఠం ఇంటిదాకా రావాలి

తుమ్మలపల్లె, పులివెందుల వైపు మెట్టపొలాల నుంచి అమెరికాకు వచ్చినవాళ్లం మనం. కూలి డబ్బులు సారాయంగడి దగ్గరే అయిపోతే ఇంట్లో పొయ్యి వెలగదని చిన్నప్పుడే చూశాం. ఆ సారాయిని ఎదిరించే ధైర్యం చదువు ఇచ్చింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్లు అక్షరాస్యతా వాచకంలో సారాయి గురించిన సీతమ్మ కథ చదివారు. అది తమ ఇంటి కథేనని గుర్తుపట్టి, మాట్లాడుకుని, ఒక్కటై కదిలారు. వర్ధినేని రోశమ్మ ముందు నిలబడింది. ఊరి సారాయి దుకాణం మూతపడింది. ఆ కదలిక జిల్లాలు దాటి పాకింది. కర్నూలు నాయకుడు కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాయి నిషేధం వచ్చింది.

చదివిన పాఠం గురించి నలుగురూ నోరు విప్పి మాట్లాడుకోబట్టే అంత జరిగింది. అమెరికాలో మన పిల్లలకు మత్తు గురించి బడిలో పాఠం చెబుతారు. ఇంటికొస్తే మాత్రం ఆ ఊసే ఉండదు. మావాడు అలాంటివాడు కాదన్న నమ్మకం, బయటికి తెలిస్తే పరువు పోతుందన్న భయం మన నోరు కట్టేస్తున్నాయి.

ప్రమాదం మన గడప దగ్గరే ఉంది. పరీక్షల ముందు ఏకాగ్రత కోసమని స్నేహితుడు ఇచ్చే అడరాల్ మాత్ర నకిలీది కావచ్చు, అందులో ఫెంటానిల్ అనే మత్తుమందు కలిసి ఉండొచ్చు. రెండు మిల్లీగ్రాములు, అంటే ఉప్పు రవ్వలంత, ప్రాణం తీయడానికి చాలు. జ్ఞానదంతం తీయించుకున్నప్పుడు మిగిలిన నొప్పి మాత్రలు స్నానాలగది అలమరలో అలాగే ఉంటాయి. ఈ రాత్రే వాటిని లెక్కపెట్టి తీయండి. మందుల దుకాణాల్లో పెట్టే సేకరణ పెట్టెల్లో వేయండి. ఫెంటానిల్ లాంటి మత్తుమందు మోతాదు మించినప్పుడు ప్రాణం కాపాడే నలోక్సోన్ ముక్కు స్ప్రే 2023 నుంచి డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతోంది. ఒకటి కొని ఇంట్లో పెట్టుకోండి, వాడే పద్ధతి పిల్లలకూ చూపించండి.

ఇక్కడ మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి. పదిహేనేళ్లలోపే తాగడం మొదలుపెట్టినవాళ్లకు అది వ్యసనంగా మారే ముప్పు ఎక్కువ. పుట్టినరోజు విందుల్లో పెద్దల చేతుల్లో గ్లాసులుంటే, పిల్లలు మన మాటకంటే ముందు మన చేతుల్నే చూస్తారు. అందుకే ఇంటి కట్టుబాటు పెద్దలకూ వర్తించాలి.

పిల్లలకు ఒక మాట ఇవ్వండి: "ఎంత రాత్రయినా, ఏ స్థితిలో ఉన్నా ఫోన్ చెయ్యి నాయనా. వచ్చి తీసుకుపోతా. తిట్లు, ప్రశ్నలు ఆ రాత్రికి ఉండవు." తెల్లవారాక కూర్చుని మాట్లాడండి. మార్కులు తగ్గాయని, నిద్ర మారిందని, స్నేహితులు మారారని కనిపిస్తే అరవకుండా అడగండి. అవసరమైతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. వ్యసనం జబ్బే, దానికి వైద్యం ఉంది. అమెరికాలో 988కి, ఇండియాలో 14446కి ఫోన్ చేస్తే సాయం అందుతుంది.

మన సంఘం ఉగాది, సంక్రాంతి సభల్లో పాటలకూ ఆటలకూ సమయం ఇస్తున్నాం. వచ్చే సభలో ఒక గంట ఈ మాటకు ఇద్దాం. ఒక డాక్టరును, ఒక కౌన్సెలరును పిలుద్దాం. ముందు పిల్లల్ని మాట్లాడనిద్దాం, మనం విందాం.