గెలిచిన దినము, తరువాతి దినములు

పఠించవలసిన భాగము: 1 రాజులు 18:41 – 19:8



కర్మెలు కొండమీద జయము పొందిన దినమున ఏలీయా ప్రవక్త, వర్షము కురియుచుండగా నడుము బిగించుకొని, ఆహాబు రాజు రథముకంటె ముందుగా యెజ్రెయేలు వరకు పరుగెత్తెను. గుఱ్ఱములు లాగు రథమునకు ముందుగా పరుగెత్తుట సామాన్యమైన సంగతి కాదు. అయితే పుట త్రిప్పగానే ఆ మనుష్యుడే అరణ్యములో బదరీవృక్షము క్రింద ఒంటరిగా కూర్చుండి, నా ప్రాణము తీసికొమ్మని దేవునితో మొరపెట్టుకొనుచున్నాడు.

పదునెనిమిదవ అధ్యాయమును మనము కూటములలో సంతోషముగా బిగ్గరగా చదువుదుము. పంతొమ్మిదవ అధ్యాయము వచ్చినప్పుడు మన స్వరము తగ్గిపోవును. గెలిచిన దినమున దేవుడు తోడుగా ఉన్నాడని సాక్ష్యము చెప్పుట సులభము. తరువాతి దినముల మాట ఏమి? ఈ నెల మనము దీనిని ధ్యానింతము. ఇందు నిమిత్తము అమెరికా దేశమందలి ఒక యౌవనస్థుని చరిత్రను మీ యెదుట ఉంచుచున్నాము. మన పల్లెలలో ఎడ్ల పందెములు చూచినవారికి ఈ సంగతి గ్రహించుట కష్టము కాదు.

ఆ దేశములో స్టాక్ కారు పందెములు అనునవి గలవు. అంగడిలో జనులు కొనుక్కొను కార్లతోనే మొదట ఈ పందెములు జరుగుచుండెను గనుక ఆ పేరు వచ్చెను. నేడు ఆ కార్లు పందెము కొరకే ప్రత్యేకముగా తయారగుచున్నవి. ఈ పందెములను నడిపించు నాస్కార్ అను సంస్థ 1948లో స్థాపింపబడెను. వీటిలో మిక్కిలి పేరుగాంచినది ఫ్లోరిడా రాష్ట్రమందలి డేటోనాలో జరుగు 500 మైళ్ల పందెము. అక్కడి బాట చుట్టు రెండున్నర మైళ్లు. మలుపుల యొద్ద బాట గోడవలె ఏటవాలుగా 31 డిగ్రీలు లేచియుండును. కార్లు గంటకు సుమారు 300 కిలోమీటర్ల వేగముతో ఒకదాని నొకటి తాకునంత దగ్గరగా పరుగెత్తును.

ట్రెవర్ బేన్ అను పిల్లవాడు 1991 ఫిబ్రవరి 19న టెనెసీ రాష్ట్రమందలి నాక్స్‌విల్ పట్టణములో పుట్టెను. అయిదేండ్ల వయస్సున గో-కార్టు అను చిన్న బండిని నడుపుట మొదలుపెట్టెను. పదమూడవ యేట, అసలు కారులో మూడు పాళ్లంత ఉండు కార్ల పందెములలో ప్రవేశించెను. పదునైదవ యేట పెద్ద కార్లను నడుపసాగెను. 2008లో నాస్కార్ వారి తూర్పు ప్రాంతపు పందెములలో ఒకటి గెలిచెను. 2009లో రెండవ శ్రేణి పందెములలో అడుగుపెట్టెను. ఈ విధముగా మెట్టు వెంబడి మెట్టు ఎక్కెను. ఏ మెట్టును దాటి దుమికినవాడు కాడు.

ఆ పందెములలో కారు నడుపుటకు నేర్పు ఒకటే చాలదు. ఖర్చు భరించు వ్యాపార సంస్థ యేదైన దొరకవలెను. 2010లో మరుసటి సంవత్సరమునకు అట్టి సహాయము నిశ్చయము కానందున అతడు ఒక జట్టును విడిచి మరియొక జట్టులో చేరవలసి వచ్చెను. అదే సంవత్సరము నవంబరులో మొదటి శ్రేణి పందెములో మొట్టమొదటి సారి పాల్గొని పదునేడవవాడుగా వచ్చెను. అతనికి కారు ఇచ్చినవారు వుడ్ సోదరుల జట్టు. గ్లెన్ వుడ్ అను ఆయన 1950లో వర్జీనియా రాష్ట్రములో ప్రారంభించిన పాత జట్టు అది. ఒకప్పుడు గొప్ప పేరు గలదైనను అప్పటికి సంవత్సరమందలి అన్ని పందెములకు వెళ్లుటకు శక్తి లేక కొన్నిటికి మాత్రమే వెళ్లుచుండెను. డేటోనా పందెములో ఆ జట్టు గెలిచి 35 సంవత్సరములు గడిచెను.

2011 ఫిబ్రవరి 20వ తేదీ వచ్చెను. ముందు దినముననే ట్రెవర్‌కు ఇరువది యేండ్లు నిండెను. మొదటి శ్రేణిలో అది అతనికి రెండవ పందెము మాత్రమే. పది సంవత్సరముల క్రిందట, 2001 ఫిబ్రవరి 18న, అదే బాటమీద చివరి చుట్టులో డేల్ ఎర్న్‌హార్ట్ అను గొప్ప పందెగాడు గోడకు తగిలి మరణించెను. ఆయన కారు సంఖ్య మూడు. ఆయన జ్ఞాపకార్థముగా మూడవ చుట్టులో జనులందరు మూడు వ్రేళ్లు ఎత్తి మౌనముగా నిలిచిరి. గెలుపును మరణమును ఒకే బాటమీద నడుచుచున్నవని ఆ దినమున అందరికి జ్ఞాపకము వచ్చెను.

ఆ యేడు ఆ బాటమీద ఒక వింత జరుగుచుండెను. ఒంటరిగా పోవు కారుకంటె, ఒకదాని వెనుక ఒకటి అంటుకొని పోవు రెండు కార్లు ఎక్కువ వేగముగా పోవుచుండెను. వెనుకవాడు ముందువానిని నెట్టును. అయితే వెనుక కారు యంత్రమునకు గాలి తగలదు గనుక అది త్వరగా వేడెక్కును. అందుచేత కొంతదూరమునకు ఇద్దరును స్థలములు మార్చుకొనవలెను. ఇప్పుడు నెట్టబడినవాడు తరువాత నెట్టవలెను. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడి. దీనియొద్దకు మరల వత్తుము.

ప్రమాదముల వలన పందెము మాటిమాటికి నిలిచి, 200 చుట్లకు బదులు 208 చుట్లు సాగెను. చివరకు డేవిడ్ రేగన్ అను నతడు ముందుండగా, అతనిని వెనుకనుండి నెట్టి గెలిపించుటకు ట్రెవర్ సిద్ధపడెను. అయితే రేగన్ ఆరంభపు గీత దాటక మునుపే ప్రక్క వరుసకు మారినందున నిబంధన ప్రకారము వెనుకకు పంపబడెను. సహాయము చేయుటకు నిలిచినవాడే ముందువాడయ్యెను. కడవరి చుట్టులో కార్ల్ ఎడ్వర్డ్స్ అను అనుభవశాలి తరుముచుండగా ట్రెవర్ ముందుగా గీత దాటెను. ఆ పందెము గెలిచినవారందరిలో అతడే పిన్న వయస్కుడు. అంతకు ముందు 1997లో జెఫ్ గోర్డన్ 25 ఏండ్ల వయస్సున గెలిచియుండెను. గెలిచినవారు నిలువవలసిన స్థలమునకు ఏ దారిన పోవలెనో కూడ తెలియక ఆ కుఱ్ఱవాడు తన వారిని అడిగెను!

బహుమానము 14 లక్షల డాలర్లకు పైబడినది. అయితే మరియొక లెక్క వినుడి. ప్రతి పందెగాడు ఏ శ్రేణిలో పాయింట్లు కూర్చుకొనునో ఒక్కటే ఎన్నుకొనవలెనని ఆ సంవత్సరము క్రొత్త నియమము వచ్చెను. ట్రెవర్ రెండవ శ్రేణిని ఎన్నుకొనియుండెను. కాబట్టి ఆ దేశమందలి గొప్ప పందెము గెలిచినను అతని ఖాతాలో చేరిన పాయింట్లు సున్న! మనుష్యుల లెక్కలు ఇట్టివే.

ఈ యౌవనస్థుడు క్రీస్తునందు విశ్వాసముంచినవాడు. ఆ విశ్వాసమును దాచుకొనువాడు కాడు. తన వారితో కలిసి ప్రార్థించువాడు. మెక్సికో దేశములో అనాథ బిడ్డల మధ్య జరుగు సేవతో చేతులు కలిపినవాడు. అందుచేత అతడు గెలువగానే, ప్రార్థించెను గనుక గెలిచెనని అనేకులకు తోచియుండును. మన నోటనుండియు ఆ మాటే వచ్చును గదా! అయితే నిదానించి ఆలోచింపుడి. వెనుకబడినవారిలో ప్రార్థించినవారు లేరా? ఓడినవారి ప్రార్థన దేవుడు వినలేదా? త్వరగా పరుగెత్తువానికే పందెము దక్కునను నిశ్చయము లేదని ప్రసంగి 9:11లో జ్ఞాని మనకు బోధించెను. గెలుపు ప్రార్థనకు ఇచ్చిన కూలి అయినయెడల, తరువాత వచ్చినది దేనికి కూలి?

తరువాత ఏమి వచ్చెను? రెండు నెలలైనను గడువక మునుపే, ఆ వసంతకాలములోనే అతడు జబ్బుపడెను. చూపు చెదరెను, నీరసము కలిగెను. ఆసుపత్రిలో ఉండి కొన్ని వారములు పందెములకు దూరమయ్యెను. 2013 నవంబరులో అతనికి మల్టిపుల్ స్క్లిరోసిస్ అను వ్యాధి ఉన్నదని తెలియజేయబడెను. శరీరమును కాపాడవలసిన శక్తియే నరములమీది పొరను పాడుచేయు వ్యాధి ఇది. దీనిని పూర్తిగా కుదుర్చు మందు ఇంకను లేదు. అయినను అతడు మానలేదు. వైద్యుల అనుమతితో కారు నడుపుచునే ఉండెను. రెండవ శ్రేణిలో 2011లో ఒకటి, 2013లో ఒకటి గెలిచెను. 2015 మొదలు మొదటి శ్రేణిలో పూర్తిగా పాల్గొనెను గాని అక్కడ మరియొక గెలుపు రాలేదు. 2018లో తన కారును మరియొకనితో పంచుకొనవలసి వచ్చెను. ఆ యేటి చివర ఆ స్థానము కూడ పోయెను. అప్పుడు స్వస్థలమైన నాక్స్‌విల్‌లో కాఫీ వ్యాపారము పెట్టుకొనెను. 2022లో మరల రెండవ శ్రేణిలో కొద్ది పందెములలో నడిపెను. ఇరువది యేండ్ల వయస్సున శిఖరమెక్కినవాడు తరువాత ఇంచుమించు ఎనిమిదేండ్లు మొదటి శ్రేణిలో రెండవ గెలుపు లేకుండ నడిపెను.

ఇతడు ఓడిపోయెనని చెప్పుదుమా? లోకము అట్లు చెప్పవచ్చును. గాని ఏలీయాతో దేవుడు వ్యవహరించిన విధమును చూడుడి. నిన్న అగ్ని దిగివచ్చెను గదా, నేడు ఈ ఏడుపు ఏమని దేవుడు గద్దింపలేదు. మొదట నిద్రపోనిచ్చెను. దూతను పంపి, నిప్పులమీద కాల్చిన రొట్టెయు నీళ్లును ఇచ్చెను. మరల నిద్రపోనిచ్చి, మరల తినిపించెను. ముందున్న ప్రయాణము అతని శక్తికి మించినదని ఆయన ఎరిగియుండెను. కర్మెలుమీద అగ్ని పంపిన దేవుడును, చెట్టు క్రింద రొట్టె పంపిన దేవుడును ఒక్కడే. అగ్ని ఒక్క దినమునకు వచ్చెను. ఆ రొట్టె నలువది దినముల నడకకు బలమిచ్చెను.

ఈ సందర్భములో మా తప్పును మీ యెదుట ఒప్పుకొనవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములో ఒక పేద యింటి యౌవనస్థుడు పరీక్షలో ఉత్తీర్ణుడై పట్టణములో ఉద్యోగము సంపాదించెను. ఆ ఆదివారము అతనిని ముందుకు పిలిచి, చేతులుంచి ప్రార్థించి, చూడుడి, దేవుడు విశ్వాసులను ఎట్లు హెచ్చించునో అని ప్రసంగించితిమి. రెండేండ్లకు ఉద్యోగము పోయి, జబ్బుతో అతడు ఇల్లు చేరెను. గుడికి వచ్చి వెనుక స్తంభము ప్రక్కను కూర్చుండి, ఆశీర్వాదము కాకమునుపే లేచిపోవుచుండెను. అతని యింటికి వెళ్లుటకు మాకు మూడు వారములు పట్టెను. మేము వెళ్లినప్పుడు అతని తల్లి చాప పరచి, “అయ్యగారూ, వాడు గెలిచిన నాడు మీరందరు వచ్చితిరి” అని మాత్రము అనెను. మాకు జవాబు లేకపోయెను. మా ప్రసంగమే ఆ బిడ్డకు గుడి తలుపు మూసినదని ఆ దినమున తెలిసికొంటిమి. గెలుపునే దేవుని గుర్తుగా చూపించితిమి గనుక, ఓటమిలో దేవుడు తనను విడిచెనని అతడు తలంచెను.

ప్రియులారా, మన బిడ్డలు చదువులోను, ఆటలోను, పనిలోను మెట్లెక్కుట మంచిదే. అయిదేండ్ల వయస్సునుండి ఓర్పుతో నేర్చుకొనిన ఆ పిల్లవానివలె మన పిల్లలు కష్టపడవలెను. తలిదండ్రులు వారిని ప్రోత్సహింపవలెను. గెలిచినప్పుడు దేవునికి స్తోత్రము చెల్లింపవలెను. గాని గెలుపును విశ్వాసమునకు కొలబద్దగా పెట్టకుడి. పౌలు తన శరీరములోని ముల్లు తీసివేయుమని మూడు మారులు వేడుకొనెను. ముల్లు పోలేదు, కృప వచ్చెను. మన ప్రభువు పరుగు సిలువ యొద్దకు వెళ్లెను. చూచినవారు దానిని ఓటమి అనిరి.

ఇప్పుడు ఆ రెండు కార్ల సంగతికి వత్తము. సంఘము అట్టిదే. నేడు బలము గలవాడు వెనుక నిలిచి బలహీనుని నెట్టవలెను. వేడి అతడు భరింపవలెను. రేపు అతడు అలసినప్పుడు మొదటివాడు స్థలము మార్చుకొని అతనిని నెట్టవలెను. ఒకరి భారము నొకరు మోయుటయే క్రీస్తు నియమమని గలతీ పత్రిక ఆరవ అధ్యాయము నేర్పుచున్నది గదా. ఎల్లప్పుడు నెట్టించుకొనువాడును, ఎల్లప్పుడు నేనే నెట్టుదునని అతిశయించువాడును గమ్యము చేరరు.

ఈ నెలలో ప్రతి కుటుంబము ఒక పని చేయవలెనని కోరుచున్నాము. మీ వీధిలో ఒకప్పుడు గెలిచి ఇప్పుడు మౌనముగా ఉన్నవారెవరో జ్ఞాపకము చేసికొనుడి. పంట పోయినవాడు కావచ్చును, పరీక్ష తప్పిన బిడ్డ కావచ్చును, మంచము పట్టిన పెద్ద కావచ్చును. ప్రసంగము చేయుటకు వెళ్లకుడి. దూతవలె కొంచెము అన్నము, నీళ్లు తీసికొని వెళ్లుడి. కొంతసేపు ప్రక్కను కూర్చుండుడి. మాకు పట్టినట్లు మీకు మూడు వారములు పట్టకుండును గాక.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మేము గెలిచిన దినమున నిన్ను మరువకుండను, ఓడిన దినమున నీవు మమ్మును మరచితివని తలంపకుండను మమ్మును కాపాడుము. చెట్టు క్రింద కూర్చున్నవారియొద్దకు మమ్మును పంపుము. మా పరుగు ముగియువరకు నీ కుమారునివైపు మా కన్నులు నిలుపుము. ఆయన నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.