చచ్చినవాడి సాక్ష్యం

1899లో లండన్‌లోని చేరింగ్ క్రాస్ ఆస్పత్రికి ఒక కార్మికుడు ఆయాసంతో వచ్చాడు. వయస్సు 33 ఏళ్ళు. రాతినార, అంటే ఆస్బెస్టాస్, పనిలో 14 ఏళ్ళు గడిపినవాడు. అందులో మొదటి పదేళ్ళూ నార ఏకే గదిలోనే. తనతోపాటు ఆ గదిలో పనిచేసిన పదిమందీ ముప్ఫయ్యేళ్ళ ప్రాంతంలోనే పోయారనీ, తానొక్కడే మిగిలాననీ డాక్టర్ మాంటేగ్ మర్రేతో చెప్పాడు. మరుసటి ఏడు అతనూ పోయాడు. శవపరీక్షలో ఊపిరితిత్తుల్లో రాతినార కనిపించింది. 1906లో ప్రభుత్వ సంఘం ముందు మర్రే ఇదంతా చెప్పి, ఆ పదిమంది విషయంలో మాత్రం రోగి మాట తప్ప తనకు వేరే ఆధారం లేదన్నాడు.

మర్రే అన్నది నిజమే. శాస్త్రజ్ఞుడు అంతకన్న ఎక్కువ చెప్పటానికి వీల్లేదు. కాని ఆ నిజంలో ఒక అన్యాయం దాగివున్నది. బతికున్న కార్మికుడి నోటికి లేని విలువ చచ్చిన కార్మికుడి ఊపిరితిత్తులకు వచ్చింది. మిగతా పదిమందినీ ఎవరూ కోయలేదు గనక లెక్క ప్రకారం వాళ్ళు రాతినార వల్ల చావలేదు!

శవాన్ని కోయించటానికి మనవాళ్ళు ఒప్పుకోరు. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారెయ్యటం తొందరపాటు. పేదవాడి శవానికి జరిగే మర్యాద ఏపాటిదో తెలిసినవాళ్ళు ఒప్పుకోకపోవటంలో వింత లేదు. ఐతే ఆ కోత లేకపోతే లాభపడేదెవరు?

రాచ్‌డేల్‌లోని టర్నర్ బ్రదర్స్ మిల్లులో రాతినార వడికిన నెల్లీ కెర్షాకు ఆస్బెస్టాస్ విషం ఎక్కిందని 1922లోనే డాక్టరు రాసిచ్చాడు. అట్లాంటి జబ్బు చట్టంలో లేదని కంపెనీ పరిహారం ఎగ్గొట్టింది. 1924లో, 33 ఏళ్ళ వయస్సులో, ఆమె చనిపోయింది. విలియం కుక్ అనే వైద్యుడు ఆమె ఊపిరితిత్తుల్లోని రేణువులు ఆస్బెస్టాస్‌వేనని సూక్ష్మదర్శినితో తేల్చాడు. అయినా కంపెనీ అంత్యక్రియల ఖర్చుల పాటి సొమ్ము కూడా ఇవ్వలేదు. ఇస్తే అది ఆనవాయితీ అయిపోతుందట! చివరికి 1930లో మెర్‌వెదర్, ప్రైస్ ప్రభుత్వానికి నివేదిక ఇచ్చారు. వాళ్ళు పరీక్షించింది శవాలను కాదు, పనిలో వున్న 363 మంది కార్మికులను. నాలుగోవంతుకు పైగా జబ్బుపడి వున్నారు. ఈ పరీక్ష ముందే జరపటానికి ఏం అడ్డమొచ్చింది?

అందుచేత శవపరీక్షను కార్మికుడి హక్కుగా అడగవలసిందే. కాని అదొక్కటే రుజువు అనేవాణ్ణి మాత్రం అనుమానించాలి. మన దేశం దిగుమతి చేసుకుంటున్న తెల్ల ఆస్బెస్టాస్ నార ఊపిరితిత్తుల్లో కలకాలం నిలవదు. తక్కిన రకాలకన్న త్వరగా కరిగిపోతుంది. జబ్బేమో ముప్ఫయి నలభై ఏళ్ళ తరవాత బయటపడుతుంది. అప్పుడు కోసి చూసి నార లేదంటే, దానివల్ల చావలేదని అర్థమా? దొంగ వెళ్ళిపోయిన తరవాత ఇల్లు వెతికి, దొంగతనమే జరగలేదన్నట్టుంటుంది.

ఇంగ్లండులో 2019 నిబంధనల ప్రకారం, వృత్తివల్ల వచ్చిన జబ్బుతో మనిషి పోయాడని అనుమానం వుంటే డాక్టరు కొరోనరుకు తెలపాలి. బతికుండగానే జబ్బు నిర్ధారణ అయివుంటే శవాన్ని కోయకుండానే తేల్చవచ్చు. మనదగ్గర పోలీసులు పంచనామా జరిపేది అసహజ మరణాలకు. మంచంలో దగ్గి దగ్గి చావటం మనకు సహజమే! కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో రాతినార గనులుండేవి. అక్కడ తవ్వినవాడు ముప్ఫయ్యేళ్ళకు ఇంటిదగ్గర ఆయాసంతో పోతే, క్షయ అనుకుని దహనం చేస్తారు. సాక్ష్యం కూడా దహనమైపోతుంది.

రాతినార కార్మికుల ఆరోగ్య రికార్డును పనిలో చేరిన నాటినుంచి 40 ఏళ్ళో, పని మానిన తరవాత 15 ఏళ్ళో, ఏది ఆలస్యమైతే అంతవరకు యాజమాన్యం దాచివుంచాలని సుప్రీంకోర్టు 1995లో ఆజ్ఞాపించింది. రికార్డుకెక్కాలంటే ముందు మస్టరుకెక్కాలి. ఇళ్ళకు సిమెంటు రేకులు కోసే రోజుకూలీకి మస్టరు రాసేదెవరు?