తెల్లవారేదాకా ఒక అమానత్

 

రాత్రిని అల్లాహ్ మనకు ఒక వస్త్రంగా చేశాడని, పగటిని జీవనోపాధికి కేటాయించాడని దివ్య ఖుర్ఆన్‌లోని 78వ సూరా 'నబా' తెలుపుతోంది. మనం ఇషా నమాజు చేసుకుని, దుఆ చదువుకుని, తలుపు గడియ పెట్టి నిశ్చింతగా పడుకుంటాం. కాని ఆ వస్త్రాన్ని మనకోసం వదులుకుని తెల్లవారేదాకా మేలుకొని ఉండేవారు మన ఊళ్ళోనే ఉన్నారు. ఆసుపత్రి కాజువాల్టీలో కూర్చున్న డ్యూటీ డాక్టరు వారిలో ఒకరు.

ఒకరోజు ఫజ్ర్ నమాజు ముగిశాక అందరూ వెళ్ళిపోయినా ఒక యువకుడు మస్జిదులో గోడకు ఆనుకుని అలాగే కూర్చుండిపోవటం చూశాము. మా మహల్లా అబ్బాయే. నాలుగున్నరేళ్ళు ఎం.బి.బి.ఎస్. చదివి, ఏడాదిపాటు హౌస్‌ సర్జన్‌గా పనిచేసి, మెడికల్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుని, అప్పుడే ఒక ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరాడు. గడిచిన రాత్రే అతనికి ఒంటరిగా మొదటి నైట్ డ్యూటీ.

"మౌలానా సాబ్! ఇన్నాళ్ళూ నేను రాసినదాని కింద పెద్ద డాక్టరుగారి సంతకం ఉండేది. రాత్రి కేస్‌షీటు మీద ఉన్నది నా సంతకం ఒక్కటే. పెన్ను పట్టుకుంటే చెయ్యి వణికింది" అన్నాడు. ఆ తర్వాత రాత్రంతా జరిగింది చెప్పుకొచ్చాడు.

పదకొండున్నరకు గుండెనొప్పితో ఒక వృద్ధుణ్ణి తీసుకొచ్చారు. ఈసీజీ తీశాడు, మాత్రలు మింగించాడు, పెద్ద డాక్టరుకు ఫోనులో చెప్పాడు, పెద్దాసుపత్రికి పంపటానికి అంబులెన్సు పిలిపించాడు. అది వచ్చేలోపే గుండె ఆగిపోయింది. సిస్టరూ తనూ మార్చి మార్చి నలభై నిమిషాలు ఛాతీ నొక్కారు. ప్రాణం నిలువలేదు. ఆయన కొడుకు ఇతని చొక్కా పట్టుకుని, "నీకు అనుభవం లేకే మా నాన్న పోయాడు" అన్నాడు.

రెండున్నరకు కడుపునొప్పి, వాంతులు అంటూ ఒక కూలీ వచ్చాడు. గ్యాసు నొప్పి అనుకుని ఇంజెక్షన్ చేసి పడుకోబెట్టాడు. కాసేపటికి సిస్టరు వచ్చి, "సార్, ఈయన కళ్ళు తెరవలేకపోతున్నాడు. నిద్రమత్తులా లేదు" అంది. భార్యను అడిగితే, ఇంట్లో నేల మీద చాప వేసుకుని పడుకున్నామని చెప్పింది. అప్పుడు అతనికి చదివింది గుర్తొచ్చింది. కట్లపాము రాత్రిపూట నేల మీద నిద్రపోయేవారిని కాటేస్తుంది. వాపు, మంట పెద్దగా ఉండవు. గాటు కూడా కనిపించకపోవచ్చు. కడుపునొప్పి మొదలై, కనురెప్పలు వాలిపోయి, చివరకు ఊపిరి తీసే కండరాలు చచ్చుబడతాయి.

"మళ్ళీ ఫోను చేయాలనిపించింది. కాని ఒకసారి లేపాను కదా, ఇది కూడా తెలియదా అంటారేమోనని సిగ్గేసింది. అయిదు నిమిషాలు ఫోను చేతిలో పట్టుకుని నిలబడ్డాను మౌలానా! తర్వాత చేశాను. ఆయన ఏమీ అనలేదు. విషం విరుగుడు మందు పది వయల్స్ మొదలుపెట్టు, ఊపిరి మీద కన్ను వేసి ఉంచు, వస్తున్నాను అన్నారు." పెద్ద డాక్టరు వచ్చి గొంతులో గొట్టం వేసి, రోగిని పెద్దాసుపత్రికి పంపించారు. అల్హమ్దులిల్లాహ్! ఆ కూలీ ప్రాణంతో ఇల్లు చేరాడని తర్వాత తెలిసింది.

అంతా చెప్పి ఆ యువకుడు ఒకటే అడిగాడు: "ఆ పెద్దాయన విషయంలో రేపు అల్లాహ్ ముందు నేను దోషినా?"

సోదరులారా! ఇది ఒక్క డాక్టరు ప్రశ్న కాదు. ఇతరుల ప్రాణం, ధనం, బిడ్డలు ఎవరి చేతిలో ఉన్నా వారందరి ప్రశ్న.

వైద్యం తెలియకుండా వైద్యానికి పూనుకున్నవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. ఈ హదీసు ఆధారంగా ధర్మవేత్తలు మరో విషయాన్ని కూడా విశదపరిచారు. విద్య నేర్చినవాడు, రోగి అనుమతితో, ఆ విద్య చెప్పిన పద్ధతిలో, నిర్లక్ష్యం లేకుండా వైద్యం చేస్తే, ఆ తర్వాత ప్రాణం పోయినా అతని మీద బాధ్యత లేదు. ఇమామ్ ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్మలై) తన 'జాదుల్ మఆద్'లో దీన్ని వివరంగా చర్చించారు.

ఖందక్ యుద్ధంలో హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి) చేతి నరానికి బాణం తగిలింది. దైవప్రవక్త (సఅసం) ఆయన కోసం మస్జిదులోనే గుడారం వేయించారు, దగ్గరుండి చూసుకోవటానికి. గాయాలకు చికిత్స చేయటంలో పేరుపొందిన హజ్రత్ రుఫైదా (రజి) ఆయనకు సేవ చేశారు. రక్తం ఆగటానికి దైవప్రవక్త (సఅసం) స్వయంగా తమ చేతులతో ఆ గాయానికి వాత పెట్టారు. అంతకంటే మేలైన చేతులు ఈ లోకంలో ఏవున్నాయి? అయినా కొద్దిరోజులకు గాయం తిరగబెట్టి సఅద్ (రజి) అమరులయ్యారు. వైద్యం చేయటం మన విధి. ఆయుష్షు అల్లాహ్ చేతిలోనిది. కాబట్టి ఆ వృద్ధుని విషయంలో నువ్వు దోషివి కావని అతనికి చెప్పాము.

కాని ఆ అయిదు నిమిషాల విషయంలో మాత్రం అతన్ని ఊరడించలేదు.

అబూదావూద్ హదీసు గ్రంథంలో ఒక సంఘటన ఉంది. ఒక ప్రయాణంలో ఒకరికి రాయి తగిలి తల పగిలింది. ఆ స్థితిలోనే ఆయనకు గుసుల్ విధి అయింది. తయమ్ముమ్ సరిపోతుందా అని వెంట ఉన్నవారిని అడిగారు. నీళ్ళు ఉన్నాయి కదా, సరిపోదని వారు చెప్పారు. ఆయన స్నానం చేశారు, చనిపోయారు. సంగతి తెలిసి దైవప్రవక్త (సఅసం) తీవ్రంగా ఆగ్రహించారు. వారే అతన్ని చంపారన్నారు. తెలియనప్పుడు ఎందుకు అడగలేదని నిలదీశారు. అజ్ఞానమనే రోగానికి అడగటమే చికిత్స అని బోధించారు.

చూశారా! వారు చెడ్డవారు కారు. కీడు తలపెట్టినవారు కారు. తెలియని చోట తెలిసినట్లు చెప్పారు, అంతే. అడగటానికి సిగ్గుపడటం కూడా అలాంటిదే. మన పరువు కాపాడుకోవటానికి ఎదుటివాడి ఊపిరిని పణంగా పెట్టడమే అవుతుంది. "ఆ అయిదు నిమిషాలకు ఇస్తిగ్‌ఫార్ చేసుకో తమ్ముడూ! మళ్ళీ ఎప్పుడైనా సందేహం వస్తే, ఒక్క రాత్రిలో పదిసార్లయినా సరే, ఫోను చెయ్యి. కళ్ళు గమనించి చెప్పిన ఆ సిస్టరుకు కృతజ్ఞత చెప్పు. ఆమె మాట విన్నందుకు అల్లాహ్‌కు షుక్ర్ చేసుకో" అన్నాము.

అతను మరొకటి కూడా అడిగాడు, "డ్యూటీలో నమాజు చేస్తుండగా పిలుపు వస్తే?" అని. ప్రాణాపాయంలో ఉన్నవారిని కాపాడటానికి నమాజును మధ్యలో ఆపటం తప్పనిసరి అని ఫిఖహ్ గ్రంథాలు స్పష్టంగా చెబుతున్నాయి. వెళ్ళి ప్రాణం నిలబెట్టి, తర్వాత తిరిగి చేసుకోవాలి. ఒక ప్రాణాన్ని కాపాడినవాడు సమస్త మానవాళిని కాపాడినట్లేనని ఖుర్ఆన్ (5:32) ఊరికే చెప్పలేదు. అయితే దీన్ని సాకుగా చేసుకుని, ఖాళీగా కూర్చున్న వేళ కూడా నమాజు వదిలేయటం ఎంతమాత్రం తగదు.

ఇక మన ఇళ్ళవారికి రెండు మాటలు. ఆసుపత్రిలో మనవాళ్ళు చనిపోతే డాక్టరు మీద చెయ్యి చేసుకోకండి. అనుమానం ఉంటే అడగండి, ఫిర్యాదు చేయండి. అది మీ హక్కు. దుఃఖంలో చేసిన దౌర్జన్యం కూడా దౌర్జన్యమే. పాము కాటు అనిపిస్తే మంత్రాల కోసం ఒక్క నిమిషం వృథా చేయకండి, ఆసుపత్రికి పరుగెత్తండి. నేల మీద కాకుండా మంచం మీద, దోమతెర చుట్టూ దోపుకుని పడుకోండి. ఇంట్లో నైట్ డ్యూటీ చేసే బిడ్డ ఉంటే పగలు అతన్ని నిద్రపోనివ్వండి. "ఎంతసేపు పడుకుంటావ్" అని లేపకండి. అతను రాత్రంతా ఎవరి బిడ్డలకో కాపలా కాసి వచ్చాడు.

ఈ రాత్రి మీరు తలుపు గడియ వేసేటప్పుడు, మేలుకొని ఉన్నవారి కోసం కూడా ఒక దుఆ చేయండి.

ఓ అల్లాహ్! స్వస్థత ప్రసాదించేవాడివి నీవే. నీ దాసుల ప్రాణాలను ఎవరి చేతికి అమానత్‌గా ఇచ్చావో వారి చేతులకు స్థిరత్వాన్నివ్వు. తెలియనప్పుడు అడిగే వినయాన్నివ్వు. తెలిసి చేసిన తప్పుల్ని, తెలియక చేసిన తప్పుల్ని మన్నించు. ఆమీన్.