సందుగ ధర

మా అమ్మల కాలంలో పాత సామాను అమ్మి కొత్తది కొనుక్కునేవాళ్ళు. ఇప్పుడు మనం కొత్తది మూల పడేసి పాతదానికోసం ఊళ్ళు తిరుగుతున్నాం. నవ్వకండి, ఆ మోజు నాకూ పట్టింది. జగిత్యాలలో మా ముందుగది కిటికీ కింద మూడున్నర అడుగుల జాగా ఉంది. అక్కడొక పాత టేకు సందుగ ఉండాలనీ, అందులో రగ్గులూ, పట్టుచీరలూ, పిల్లల చిన్నప్పటి గౌన్లూ దాచుకోవాలనీ రెండేళ్ళుగా నా కోరిక. మీలో కొందరు దాన్ని పెట్టె అంటారు, మరీ పెద్దదైతే భోషాణం అంటారు. మా వైపు అది సందుగ.

కొనేముందు మా వీధి చివరి వడ్లాయన దగ్గర పాఠం చెప్పించుకున్నాను.

"మూత తెరిచి ముందుగాల వాసన చూడమ్మా. టేకైతే నూనె వాసన తెలుస్తది. మూలలు చూడు. ఒక పలక పండ్లు ఇంకో పలకల దిగి కూసున్నయా, మేకులతోని అతికిచ్చిండ్రా? అడుగు పలక తప్పకుంట చూడు, మీద టేకు పెట్టి కింద మామిడి చెక్క కొట్టెటోళ్ళుంటరు. సన్నగ పిండి రాలుతున్నదంటే పురుగు ఇంక లోపలనే ఉన్నట్టు. చేవకు చెద తొందరగ పట్టది, అంచులకున్న తెల్ల కట్టెకు పడ్తది. కొత్తగ నల్ల రంగేసి మెరిపిచ్చిండ్రంటే ఏదో దాస్తున్నరనుకో" అన్నాడు.

అన్నీ చెప్పాడు గాని, ధర దగ్గరకొచ్చేసరికి ఎలా ఉండాలో మాత్రం చెప్పలేదు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

పోయిన ఎండాకాలం వేములవాడ మీదుగా సిరిసిల్ల వెళ్ళాం, పెళ్ళికి. సిరిసిల్ల అంటే మరమగ్గాల చప్పుడు. అగ్గిపెట్టెలో ఇమిడే చీర నేసిన చేతులున్న ఊరది. ఆ చేతులకు పని నిలకడగా దొరికిన కాలం మాత్రం తక్కువ. బతుకు వెతుక్కుంటూ భివండీకీ, సూరత్‌కూ వెళ్ళినవాళ్ళున్నారు. అప్పులు తీరక ప్రాణాలు తీసుకున్న నేతన్నల వార్తలు ఏళ్ళ తరబడి చదివాం. 2017 నుంచి కొన్నేళ్ళు బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చాయి. ఆర్డరున్నన్నాళ్ళూ పని, లేనప్పుడు మళ్ళీ అప్పు.

పెళ్ళివారి పక్కిల్లే ఓ నేత కుటుంబానిది. పాత పెంకుటిల్లు పడగొట్టి రెండు గదుల స్లాబు వేసుకుంటున్నారు. సామానంతా వాకిట్లో ఉంది. మధ్యలో నా సందుగ! అప్పుడే 'నా' అనేసుకున్నాను, చూశారా? మూత ఎత్తాను. నూనె వాసన. మూలల్లో పండ్లు బిగిసి కూర్చున్నాయి. లోపల ఓ పక్కన చిన్న అర, దానికో చిన్న మూత. ఒకప్పుడు నేసిన బట్ట భద్రంగా పెట్టేవాళ్ళట అందులో.

ఆ ఇంటి అవ్వ వచ్చి, "కావాల్నా బిడ్డా? ఆరు వేలియ్యి, తీస్కపో. కొత్తింట్ల దీన్నేడ పెట్టుకోను?" అంది.

ఆరు వేలు! హైదరాబాదులో ఒక దుకాణంలో ఇంతకంటే చిన్నదానికి ముప్పై అయిదు వేల చీటీ కట్టి ఉండటం నేను కళ్ళారా చూశాను. మావారు కళ్ళతోనే 'ఇచ్చెయ్యి, బేరం కూడా వద్దు' అన్నారు. సంచిలో డబ్బుంది. చెయ్యి సంచిలోకి వెళ్ళింది కూడా. అక్కడే ఆగిపోయింది.

ఎందుకాగిందంటే, కోరుట్లలో మా అమ్మ గుర్తొచ్చింది.

నేను నాలుగో తరగతిలో ఉండగా మా నాయనమ్మ సందుగను అమ్మ నూటయాభైకి అమ్మేసింది. ఇనుప బీరువా కొంటున్నాం, జాగా కావాలి. బండి మీద వచ్చిన మనిషి మారు మాట్లాడకుండా డబ్బు లెక్కపెట్టి తీసుకుపోయాడు. నాలుగేళ్ళ తరవాత మెట్‌పల్లిలో ఎవరింటికో పేరంటానికి వెళితే, హాల్లో ఆ సందుగే తళతళలాడుతూ కనిపించింది. మూత మీద నాయనమ్మ దీపం అంటుకుని పడిన నల్లమచ్చ అలాగే ఉంది. ఆ ఇల్లాలు నాలుగు వేలకు కొన్నామని మురిసిపోతూ చెప్పింది. అమ్మ ఇంటికొచ్చి అన్నం తినలేదు.

"పైసలు పోతే పోయినయి. బేరం జెయ్యకుంట ఇచ్చిండంటేనే నాకు సమజ్ కావాల్సి ఉండె. వాడు నా ముంగట నిలబడి లోపల నవ్వుకున్నడు గదా!" అంది.

ఆ మనిషి అబద్ధం ఆడలేదు, దొంగతనం చెయ్యలేదు. అమ్మ అడిగినంతా ఇచ్చాడు. చేసిందల్లా తెలిసింది చెప్పకపోవటమే. మరి అమ్మకు అంత అవమానం ఎందుకయింది? సిరిసిల్ల వాకిట్లో సందుగ మూత మీద చెయ్యి వేసి నేనూ అదే చెయ్యబోతున్నాను కాదూ!

బి.ఏ.లో చదివిందొకటి గుర్తొచ్చింది. రోము దేశపు సిసిరో క్రీస్తు పూర్వం 44లో ఏథెన్సులో చదువుకుంటున్న కొడుకు కోసం ధర్మాల గురించి ఒక గ్రంథం రాశాడు. అందులో స్కేవోలా అనే ఆయన కథ ఉంది. ఆయన ఒక పొలం కొనబోయి, ఒకటే ధర చెప్పమన్నాడు. అమ్మేవాడు చెప్పాడు. 'నా లెక్కలో దీని విలువ ఇంకా ఎక్కువ' అని స్కేవోలా మరో లక్ష నాణేలు కలిపి ఇచ్చాడట! మంచివాడే గాని తెలివైనవాడు కాదన్నారట జనం. మంచితనం వేరు, తెలివి వేరు అనుకోవటంలోనే ఉంది అసలు ముప్పు అంటాడు సిసిరో. రెండు వేల ఏళ్ళయినా ఆ జనం మారలేదు. మా ఇంట్లోనే ఒకరున్నారు.

అయితే మావారి వాదనలోనూ పస లేకపోలేదు. "హైదరాబాదు ధరలో దుకాణం అద్దె ఉంది, లారీ కిరాయి ఉంది, పాలిషు ఉంది. సిరిసిల్ల వాకిట్లో దాని ధర ముప్పై అయిదు వేలెలా అవుతుంది? పైగా నువ్వు కొనకపోతే ఇంకొకడు మూడు వేలకు పట్టుకుపోయి కోయించి తలుపులు చేయిస్తాడు" అన్నారు. నిజమే. ఆరుకూ ముప్పై అయిదుకూ మధ్య న్యాయమైన ధర ఎంతో నాకూ తెలియదు. కాని ఆ మధ్యన అంత దూరం ఉందన్న సంగతి నాకొక్కదానికే తెలిసి ఉండటం న్యాయమా?

పోనీ, ఏమీ చెప్పకుండా పది వేలు చేతిలో పెడదామా అనుకున్నాను. అవ్వ సంతోషిస్తుంది, నన్ను దీవిస్తుంది. అంటే నాకు సందుగా చవగ్గా వస్తుంది, పుణ్యమూ చవగ్గానే వస్తుంది! అది ఇంకా పెద్ద మోసమనిపించింది. ఆమెకు కావలసింది నా దయ కాదు, నాకు తెలిసిన సంగతి.

చెప్పేశాను. హైదరాబాదులో చూసిన ధర, అందులో ఖర్చులుంటాయన్న మాట, నేనయితే పన్నెండు వేలకు మించి పెట్టలేనన్న మాట, అన్నీ.

అవ్వ సందుగ మీదే కూలబడింది. "దీనికా?" అని మూతను తడిమింది. కాసేపటికి నా మొహంలోకి చూసి, "గీ ముచ్చట నాకెందుకు జెప్తున్నవు బిడ్డా?" అని అడిగింది.

పెద్ద పెద్ద మాటలేవీ నోటికి రాలేదు. "మా అమ్మకు ఎవరూ చెప్పలేదవ్వా" అన్నాను.

కొడుకును అడిగి చెప్తానంది. పది రోజుల తరవాత ఆ కొడుకు ఫోను చేశాడు. ఫోటోలు పంపితే కరీంనగర్ నుంచి ఒకాయన వచ్చి పద్దెనిమిది వేలిచ్చి తీసుకుపోయాడట. "అవ్వ మీకు చెప్పుమన్నదమ్మా, ఏమనుకోవద్దట. ఇటు దిక్కొస్తే ఇంటికి రమ్మన్నది" అన్నాడు.

ఏమీ అనుకోలేదంటే అబద్ధమవుతుంది. ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు. లోపలి చిన్న అర, దాని చిన్న మూత కళ్ళల్లోనే మెదిలాయి. నోరు మూసుకుని ఉంటే ఈపాటికి కిటికీ కింద ఉండేది కదా అని ఒకటికి రెండుసార్లు అనుకున్నాను. మళ్ళీ ఇలాంటి బేరమే ఎదురైతే మళ్ళీ చెప్తానా అంటే, ఇప్పుడే ఒట్టు పెట్టలేను. మీరయితే ఏం చేసేవారో మీరే ఆలోచించుకోండి.

కిటికీ కింద ఇప్పటికీ ప్లాస్టిక్ బుట్టే ఉంది. మర్నాడు కోరుట్లకు ఫోను చేసి అమ్మకు కథంతా చెప్పాను. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "ఎంతకు పోయిందన్నవు?" అంది.

"పద్దెనిమిది వేలకు."

"మంచిగైంది" అంది అమ్మ, తన సందుగే అమ్ముడుపోయినట్టు.