కోకా సుబ్బారావు, కోరుట్ల పాస్‌పోర్టు

బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి. మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల బతుకంతా ఈ మూడు మాటల్లోనే ఉంది. దుబాయి పోయేవాళ్ల పాస్‌పోర్టు చూసినప్పుడల్లా నాకు జస్టిస్ కోకా సుబ్బారావు గుర్తొస్తారు.

రాజమండ్రిలో పుట్టిన ఆయన 1956లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు, 1966లో సుప్రీంకోర్టుకు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967 ఏప్రిల్ 10న సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో తీర్పు చెప్పారు. అప్పటిదాకా పాస్‌పోర్టు ఇవ్వాలన్నా, వెనక్కి తీసుకోవాలన్నా అంతా సర్కారు ఇష్టం. పరదేశం వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, చట్టమంటూ లేకుండా దాన్ని ఆపే వీల్లేదని ఐదుగురిలో ముగ్గురు తేల్చారు. ఆ ఏడాదే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకే చమురు ధరలు పెరిగి గల్ఫ్ దారి తెరుచుకుంది.

తీర్పు చెప్పిన మర్నాడే ఆయన పదవి వదిలారు. ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి పోటీచేసి జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. పాస్‌పోర్టు కేసు ధర్మాసనంలో సుబ్బారావుతో విభేదించిన జస్టిస్ హిదయతుల్లా 1969లో నెల రోజులకు పైగా తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్నారు.

న్యాయపీఠం దిగీ దిగగానే ఓటు అడగడం నాకు నచ్చదు. ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదంటూ ఆయనే చెప్పిన గోలక్‌నాథ్ తీర్పు వచ్చి అప్పటికి రెండు నెలలైనా కాలేదు. అంత పెద్ద తీర్పు మీద అనుమానానికి ఆయనే చోటిచ్చారనిపిస్తుంది. కానీ ఆయన గెలిచి ఉంటే మాకు ఏమొచ్చేదని ఆలోచిస్తే, ఓటమి చిన్నదిగానే కనిపిస్తుంది. పాస్‌పోర్టులో రాష్ట్రపతి పేరిట ఒక విజ్ఞప్తి ఉంటుంది. ఆయనకు దక్కని పదవి అది. ఆ పుస్తకం సర్కారు దయ కాదు, మనిషి హక్కు అన్న మాట మాత్రం ఆయనది. పదవిలో లేకున్నా ఆ మాట పనిచేస్తూనే ఉంది, ఆయన పేరు వినని బీడీ కార్మికురాలి కొడుక్కి కూడా.

అయితే ఆ తీర్పు ఆపింది సర్కారు చేతినే. ఎడారిలో దిగిన రోజే పాస్‌పోర్టు గుంజుకుని బీరువాలో పెట్టుకునే కఫీలు అనే అక్కడి యజమాని చేతిని ఆపలేదు. హక్కు సరిహద్దు దాటాక కూడా హక్కుగానే నిలవాలంటే రాయబార కార్యాలయాలూ, మన ప్రభుత్వాలూ గట్టిగా నిలబడాలి. సుబ్బారావు మిగిల్చిపోయిన పని అదే.