అభయపత్రం - అబద్ధపు సంతకం



దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) మక్కా వదలి మదీనాకు హిజ్రత్ చేస్తున్న రోజులవి. ఆయన్ని పట్టి తెచ్చిన వారికి నూరు ఒంటెలు బహుమానమని ఖురైషీయులు ప్రకటించారు. ఆ ఆశతో సురాఖా బిన్ మాలిక్ గుర్రమెక్కి వెంటాడాడు. దగ్గరకు చేరేసరికి గుర్రం కాళ్ళు నేలలో దిగబడిపోయాయి. ఈయనకు దైవసహాయం ఉందని సురాఖాకు అర్థమైపోయింది. అప్పుడతను కోరినదేమిటో తెలుసా? తనకు భద్రత కల్పిస్తున్నట్లు ఒక పత్రం! దైవప్రవక్త (స) ఆదేశంపై హజ్రత్ ఆమిర్ బిన్ ఫుహైరా (రజి) ఒక తోలు ముక్క మీద అభయపత్రం రాసిచ్చారు. సహీహ్ బుఖారీలో ఈ ఉదంతం ఉంది. ఎనిమిదేళ్ళ తర్వాత జిఅరానా వద్ద సురాఖా ఆ పత్రాన్ని చేత్తో పైకెత్తి చూపగా, దైవప్రవక్త (స) ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి.

స్వయంగా తలదాచుకోవడానికి వెళుతున్న మహనీయులు, తనను వేటాడిన వాడికి అభయపత్రం ఇచ్చారు! భయంలో ఉన్న మనిషికి ఒక చిన్న కాగితం ఎంత ధైర్యమో దీన్నిబట్టి మనం గ్రహించవచ్చు.

కాగితం లేని బ్రతుకు

అలాంటి కాగితం కోసం ఎదురుచూసే వారు ఈనాడు మన మధ్యనే ఉన్నారు. మయన్మార్‌లోని అరకాన్ ప్రాంతానికి చెందిన రోహింగ్యా ముస్లిములను అక్కడి 1982 పౌరసత్వ చట్టం తన జాతుల జాబితాలో చేర్చలేదు. వారి చేతిలో మిగిలిన తాత్కాలిక 'తెల్లకార్డుల'ను సైతం 2015లో రద్దు చేశారు. 2017 ఆగస్టు తర్వాత 7 లక్షల మందికి పైగా సరిహద్దు దాటి బంగ్లాదేశ్ చేరారు. అంతకు ముందు నుంచే కొన్ని కుటుంబాలు హైదరాబాద్ వచ్చి బాలాపూర్ ప్రాంతంలో గుడిసెలు వేసుకొని బ్రతుకుతున్నాయి.

మన దేశం 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై సంతకం చేయలేదు. శరణార్థుల కోసం మనకు ప్రత్యేక చట్టం కూడా లేదు. ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ ఢిల్లీ కార్యాలయం వారి వివరాలు విచారించి ఒక గుర్తింపు కార్డు ఇస్తుంది. ఆ కార్డు వీసా కాదు, పౌరసత్వం అంతకంటే కాదు. దానికి గడువు ఉంటుంది, మళ్ళీ మళ్ళీ పొడిగించుకోవాలి. అద్దె ఇల్లు, సిమ్ కార్డు, బ్యాంకు ఖాతా, పిల్లల బడి... ఏ గుమ్మం దగ్గరికి వెళ్ళినా మొదటి ప్రశ్న ఒక్కటే: "ఆధార్ ఉందా?"

ఒక సోదరుని ప్రశ్న

ఈ మధ్య ఒక సోదరుడు మమ్మల్ని ఇలా అడిగారు: "ఒక శరణార్థి కుటుంబం మా ఇంటి దగ్గరే ఉంటోంది. అతను మా చిన్నాన్న కొడుకని రాయించి, మా చిరునామా మీద కార్డు ఇప్పిస్తే వారి కష్టాలు తీరిపోతాయి. ముస్లిం సోదరునికి సాయం చేయడమే కదా, ఇది పుణ్యం కాదా?"

అడిగిన వారి మనసులోని కరుణను మేము శంకించడం లేదు. సాటి మనిషి కన్నీరు చూసి చలించని గుండె విశ్వాసి గుండె కాదు. కానీ ఆ కరుణ ఏ దారిన నడవాలో కూడా మన ధర్మమే చెబుతుంది.

హజ్రత్ జైద్ (రజి)ను దైవప్రవక్త (స) కన్నకొడుకులా పెంచారు. ప్రజలు ఆయన్ని 'జైద్ బిన్ ముహమ్మద్' అనే పిలిచేవారు. పెంపుడు బిడ్డలను వారి అసలు తండ్రుల పేరుతోనే పిలవమని అహ్‌జాబ్ సూరా 5వ ఆయతు అవతరించగానే, ఆయన తిరిగి 'జైద్ బిన్ హారిసా' అయ్యారు. ప్రేమ తగ్గిందా? లేదు! తండ్రి పేరు మాత్రం నిజమైనదే ఉండాలి. అంతటి ప్రేమకే దొరకని సడలింపు, మన సంతకానికి ఎక్కడి నుంచి వస్తుంది?

దైవప్రవక్త (స) ఒకసారి ఆనుకొని కూర్చొని ఘోరపాపాలను వివరిస్తున్నారు. అబద్ధపు సాక్ష్యం ప్రస్తావన రాగానే నిటారుగా కూర్చొని ఆ మాటను పదేపదే పలికారు. ఇక ఆపితే బాగుండునని సహాబీలు అనుకునేంతగా పలికారు (బుఖారీ, ముస్లిం).

పైగా ఆ అబద్ధం బయటపడితే నష్టపోయేది ముందుగా ఆ శరణార్థే. తప్పుడు వివరాలతో ఆధార్ పొందితే మూడేళ్ళ వరకు జైలు పడవచ్చు. అతని నిజమైన గాథను కూడా ఆ తర్వాత ఎవరూ నమ్మరు. మనం చేసిన 'సాయం' అతని ఇంటిదీపాన్నే ఆర్పేస్తుంది.

నజ్జాషీ దర్బారు పాఠం

మక్కా ముస్లిములు అబిసీనియాలో శరణు పొందినప్పుడు, వారిని అప్పగించమని ఖురైషు దూతలు కానుకలతో వచ్చారు. వారి మాట వినకుండా అప్పగించనని నజ్జాషీ రాజు నిరాకరించాడు. మరునాడు దూతలు మరో ఎత్తు వేశారు: ఈసా (అలైహిస్సలాం) గురించి వీరేమంటారో అడగమన్నారు. రాజు క్రైస్తవుడు. మాట తేడా వస్తే ఆశ్రయం పోతుంది. అయినా ఏం జరిగినా సరే, అల్లాహ్ చెప్పిందే చెబుదామని వారు నిశ్చయించుకున్నారు. హజ్రత్ జాఫర్ (రజి) ఉన్నదున్నట్లు చెప్పారు. ఆ సత్యమే వారిని కాపాడింది.

మరి మనమేం చేయాలి?

అప్పు పత్రాల గురించి చెప్పే బఖరా సూరా 282వ ఆయతులో అల్లాహ్, రాయడం వచ్చినవాడు రాయడానికి నిరాకరించకూడదని, పిలిస్తే సాక్షులు వెనుదీయకూడదని ఆదేశించాడు. రాత వచ్చిన చేయి ఒక అమానత్. దానితో నిజం రాసిపెట్టడానికి ఎంతో అవకాశం ఉంది.

వారింట బిడ్డ పుడితే 21 రోజుల్లోగా జనన నమోదు చేయించండి. మన గడ్డ మీద పుట్టిన ప్రతి బిడ్డ జననం నమోదు కావాలని 1969 చట్టం చెబుతోంది. ఆసుపత్రిలో కాన్పయితే ఆసుపత్రి వారు, ఇంట్లో అయితే ఇంటి పెద్ద తెలియజేయాలి. ఆ పత్రం పౌరసత్వం ఇవ్వదు. కానీ ఆ బిడ్డకు ఒక పేరు, ఒక తేదీ, తల్లిదండ్రుల సాక్ష్యం ఇస్తుంది.

పిల్లల్ని బడికి మీరే వెంటబెట్టుకొని వెళ్ళండి. వయసు ధ్రువపత్రం లేదని చేర్చుకోకుండా ఉండరాదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఆధార్ లేదని బడిలో చేర్చుకోకపోవడం కూడదని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఢిల్లీ రోహింగ్యా పిల్లల కేసులో, ముందు ప్రభుత్వ పాఠశాలలకే వెళ్ళి అడగమని, కాదంటే హైకోర్టుకు రావచ్చని 2025లో అదే కోర్టు చెప్పింది.

వారి కార్డు గడువు ఎప్పుడు తీరుతుందో గుర్తుచేయండి. దరఖాస్తు చదివి వినిపించండి. వారు చెప్పింది చెప్పినట్లే రాయండి, ఒక్క మాట కలపకండి. చిక్కు వచ్చినప్పుడు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ గుమ్మం దాకా తోడు వెళ్ళండి. అక్కడ మహిళలకు, పిల్లలకు ఉచిత న్యాయసహాయం అందుతుంది.

అబద్ధపు సంతకానికి అరనిమిషం చాలు. నిజమైన సాయానికి ఒక రోజు కూలి పోవచ్చు, క్యూలో నిలబడాల్సి రావచ్చు, గుమాస్తా విసుగు భరించాల్సి రావచ్చు. అన్సార్లు తమకు అవసరం ఉండి కూడా ముహాజిర్లకే ప్రాధాన్యమిచ్చారని అల్లాహ్ వారిని ప్రశంసించాడు (అల్ హష్ర్: 9). మన సమయంలో నుంచి ఒక్క పూట ఇవ్వలేమా? ప్రళయదినాన మన కర్మల పత్రం మన చేతికి అందుతుంది. ఆ రోజు మన సంతకాలన్నీ అందులో ఉంటాయి.

నిలువ నీడ లేని వారికి నీడనిచ్చే మనసును, ఆ నీడలో అసత్యం చొరబడనివ్వని నిగ్రహాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.